కలుపు చేను నుంచి క్రీడా మైదానం దాకా... సామాన్యులు సృష్టించిన యంత్రాలు

తొలకరి జల్లులు పడిన వారం రోజులకే చేలల్లో ఊద, తుంగ, గరిక తలెత్తుతాయి. అదే వానకు పాఠశాల మైదానంలో పల్లేరు మొలుస్తుంది. నెల, నెలన్నర గడిచేసరికి దాని ముళ్లకాయలు నేలంతా పరచుకుని కబడ్డీ ఆడే పిల్లల అరికాళ్లలో దిగుతాయి. చేనును శుభ్రంగా ఉంచడం, ఆడుకునే నేలను చదునుగా ఉంచడం పైకి వేర్వేరు పనులుగా కనిపిస్తాయి. కానీ రెండూ నడుము వంచి, పదిమందీ కలిసి, ఒకసారి చేసి ఊరుకోక మళ్లీ మళ్లీ చేయక తప్పని చాకిరీలే.

ఈ చాకిరీని తగ్గించేందుకు మూడు శతాబ్దాలుగా యంత్రాలు పుడుతున్నాయి. వాటిని కనుగొన్నవారిలో పలువురు ఇంజినీరింగు పట్టభద్రులు కారు. న్యాయశాస్త్రం చదివి సేద్యంలోకి దిగిన ఆంగ్లేయుడు, జపాను రైతు, నృత్య పాఠశాల యజమాని, ఐసు కర్మాగారం నడిపిన వ్యాపారి, గుజరాత్, మహారాష్ట్రల కర్షకులు ఈ వరుసలో ఉన్నారు. తాము నిత్యం పడుతున్న ఇబ్బందే వారికి గురువు.

గొర్రు, గుంటక ముందే ఉన్నాయి

విత్తనాన్ని వెదజల్లితే కలుపు తీయడం కష్టం. వరుసల్లో వేస్తే సాళ్ల మధ్య పనిముట్టు నడుస్తుంది. ఈ చిన్న సూత్రంపైనే కలుపు యంత్రాల చరిత్ర యావత్తూ ఆధారపడి ఉంది. తెలుగునాట మెట్టరైతులకు ఇది తరతరాలుగా తెలిసిన సంగతి. గొర్రుకు జడ్డిగం బిగించి విత్తడం, పైరు మొలిచాక సాళ్ల మధ్య దంతి తోలడం, దుక్కిలో గుంటకతో గడ్డివేళ్లను కోసివేయడం ఇక్కడి సేద్యంలో అనాదిగా ఉన్న పనులు. కంపెనీ సైన్యాధికారి థామస్ హాల్‌కాట్ 1790లలో దక్షిణ భారతంలోని గొర్రు సేద్యాన్ని వర్ణిస్తూ ఇంగ్లండులోని వ్యవసాయ మండలికి లేఖలు రాశారు. ధరంపాల్ 18వ శతాబ్దపు భారతీయ విజ్ఞానంపై 1971లో వెలువరించిన గ్రంథంలో ఆ లేఖలకు చోటు కల్పించారు. గొర్రు ఐరోపా వారి ఆవిష్కరణ అన్న భ్రమ హాల్‌కాట్‌కు ఇక్కడికి వచ్చాకే తొలగింది.

ఇంగ్లండులో ఈ మార్పునకు ఆద్యుడిగా జెత్రో టల్ (1674-1741) పేరు చెబుతారు. లండనులో న్యాయవాద విద్య పూర్తిచేసిన ఆయన అనారోగ్యంతో ఆ వృత్తిని విడిచి పొలం బాట పట్టారు. 1701 ప్రాంతంలో విత్తన గొర్రును రూపొందించారు. చర్చిలో వాయించే ఆర్గన్ వాద్యంలోని భాగాలను చూసి గింజలను కొలిచి వదిలే ఏర్పాటు తోచిందని ఆయనే వెల్లడించారు. ఫ్రాన్సు పర్యటనలో ద్రాక్షతోటల వరుసల మధ్య నేలను గుల్ల చేయడం గమనించి, గుర్రంతో లాగించే కలుపు గుంటకను ప్రచారం చేశారు. 1731లో దానిపై పుస్తకమూ రాశారు. మొక్కలు మట్టిరేణువులను భుజించి పెరుగుతాయని, నేలను ఎంత మెత్తగా చేస్తే ఎరువుతో అంత పనిలేదని ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతం తప్పు. గుంటక మాత్రం ఒప్పు. పైరు దక్కడానికి కారణం మట్టి మెత్తబడటం కన్నా కలుపు చావడమే. తప్పుడు సిద్ధాంతంతో మంచి యంత్రం తయారు కావడం విజ్ఞాన చరిత్రలో కొత్త కాదు.

వరిమడిలోకి దిగిన చక్రం

మెట్టలో పనిచేసిన సూత్రం మాగాణిలో పనిచేయదు. నీరు నిలిచిన బురదలో ఎద్దులతో పైరు మధ్య దంతి తోలడం అసాధ్యం. అందువల్ల వరిలో కలుపు మనుషుల చేతులకే మిగిలింది. జపానులో రైతులు బురదలో మోకాళ్లపై పాకుతూ వేళ్లతో కలుపు పెకలించేవారు. టొట్టోరి రాష్ట్రానికి చెందిన రైతు నకాయ్ తాయిచిరో 1892లో వరుసల మధ్య నిలబడి తోసుకుంటూ వెళ్లే చక్రపు కలుపు యంత్రాన్ని తయారుచేశారు. ఆయన పేరుమీదనే అది తాయిచి బండిగా ప్రసిద్ధి చెందింది. పొడవైన పిడి, ముందు బురదలో జారే పడవ వంటి పలక, వెనుక పళ్లున్న చక్రం. ఇంతే దాని నిర్మాణం. అయితే అది నడవాలంటే నాట్లు వరుస తప్పకుండా పడాలి. అందుకే జపానులో తాడు పట్టి నాట్లు వేసే పద్ధతీ, ఈ యంత్రమూ జంటగా విస్తరించాయి. యంత్రం ఒక్కటే వచ్చి సేద్యాన్ని మార్చదు, సేద్యమూ యంత్రానికి తగినట్లు మారాలి అన్నదానికి ఇది తొలి ఉదాహరణ.

నేడు తెలుగు రాష్ట్రాల్లో కనిపించే కోనోవీడర్ దీనికి దూరపు వారసురాలు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ దీనిని రూపొందించింది. ఒకదాని వెనుక ఒకటిగా ఎదురుబొదురు దిశల్లో అమర్చిన రెండు శంకువుల ఆకారపు రోలర్లు, వాటిపై రంపపు పళ్ల పట్టీలు దీని ప్రత్యేకత. ముందుకు తోసి వెనుకకు లాగినప్పుడు రోలర్లు మట్టిని చెరొకవైపు కదిలించడంతో కలుపు వేళ్లతో సహా పెకలి బురదలో కూరుకుపోతుంది. కలుపు అక్కడే కుళ్లి పచ్చిరొట్టగా ఉపయోగపడుతుంది. వేళ్లకు గాలి సోకుతుంది. పిలకలు బాగా తొడుగుతాయి.

ఈ పరికరానికి తెలుగు పల్లెల్లో గుర్తింపు తెచ్చింది ‘శ్రీ’ వరి సాగు. మడగాస్కర్‌లో పనిచేసిన ఫ్రెంచి మతాచార్యుడు హెన్రీ ద లౌలానీ 1983లో రూపుదిద్దిన ఈ విధానాన్ని 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లోని రైతుల పొలాల్లో పరీక్షించింది. అప్పటి విస్తరణ విభాగ సంచాలకులు డాక్టర్ అలపాటి సత్యనారాయణ ఇందుకు ముఖ్య కారకులు. 8 నుంచి 12 రోజుల లేత నారును 25 సెంటీమీటర్ల దూరంలో చదరపు గళ్లుగా ఒక్కొక్క మొక్కనే నాటడం, పొలంలో నీరు నిల్వ ఉంచకుండా తడులివ్వడం ఇందులోని నియమాలు. నీరు నిలవని మడిలో కలుపు విరగబడి మొలుస్తుంది. కనుక నాటిన 10 నుంచి 12 రోజులకు మొదలుపెట్టి పది రోజుల ఎడంతో మూడు, నాలుగు పర్యాయాలు నిలువునా అడ్డంగా వీడరు నడపవలసి ఉంటుంది.

ఆచరణలో చిక్కులు ఇక్కడే తలెత్తాయి. ఐదు నుంచి ఏడు కిలోల బరువున్న పరికరాన్ని రోజంతా బురదలో ముందుకూ వెనుకకూ నెట్టడం తేలికైన పని కాదు. నేల ఆరితే చక్రం తిరగదు. ఊబి ఎక్కువైతే దిగబడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల పలుచని నీరు ఉన్నప్పుడే అది సాఫీగా సాగుతుంది. కాలువ చివరి భూముల రైతుకు కోరిన రోజున అంతే నీరు పెట్టే వీలు ఉండదు. గళ్లు సరిగా పడని చోట మొక్కలే తెగిపోతాయి. పిడి ఎత్తు మగవారికి తగినట్లుగా ఉండటంతో ఆడవారికి భుజాల నొప్పులు తప్పలేదు. చాలాచోట్ల స్థానిక కమ్మరులు, వెల్డింగు దుకాణదారులు రోలర్లను తేలిక చేసి, పిడిని కుదించి, ఊళ్ల నేలకు తగినట్లు మార్పులు చేశారు. వీరి పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

మరో సంగతినీ గమనించాలి. చేతితో కలుపు తీయడం పల్లెల్లో అనాదిగా స్త్రీల పని. పదిమంది బంతిగా సాగుతూ కలుపు పాటలు పాడుకుంటూ చేసే ఆ పని నడుమును విరిచినా, వ్యవసాయ కూలీ స్త్రీకి ఏడాదిలో ఎక్కువ రోజులు చేతికి డబ్బు అందించేది అదే. యంత్రం వచ్చిన చోట పిడి పురుషుడి చేతికి వెళుతుంది. మోటారు యంత్రమైతే ఆ పని పూర్తిగా మగవారిదే. చాకిరీ తగ్గడం సంతోషకరమే అయినా, చాకిరీతో పాటు కూలీ కూడా తగ్గినప్పుడు ఆ కుటుంబం ఏమి కావాలన్న ప్రశ్నకు యంత్రం తయారుచేసేవారు జవాబు చెప్పరు. యంత్రాల పంపిణీలో మహిళా సంఘాలకు వాటా ఇచ్చి, నడపడంలో శిక్షణ ఇస్తే కొంతవరకు ఈ లోటు తీరుతుంది.

మోటారు సైకిలే ఎద్దుల జత

మెట్ట ప్రాంతాల్లో ఎద్దులు తరిగిపోవడం మరో సమస్య. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా వరుస కరవులతో అల్లాడుతున్న కాలంలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ అనే రైతు మోటారు సైకిల్ వెనుక చక్రాన్ని తొలగించి, దాని స్థానంలో రెండు చక్రాల ఇరుసు, పనిముట్లు బిగించే పట్టీ అమర్చారు. 1994లో రూపుదిద్దుకున్న ఈ యంత్రానికి బుల్లెట్ శాంతి అని పేరు. గుజరాతీలో శాంతి అంటే సేద్యపు పనిముట్టు. విత్తడానికి, సాళ్ల మధ్య కలుపు తీయడానికి అది ఉపయోగపడింది. పని లేని రోజున మళ్లీ చక్రం బిగిస్తే వాహనం. 2005లో దీనికి అమెరికా పేటెంటు కూడా లభించింది.

మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లా శెందుర్ణికి చెందిన చిన్న రైతు గోపాల్ మల్హారీ భిసే మోటారు జోలికీ పోలేదు. సైకిల్‌పై బస్తాల బరువు తరలిస్తున్న మనిషిని చూసి, ఇంత బరువు మోసేది కలుపు గుంటకను లాగలేదా అని ఆలోచించారు. పాత సైకిల్ ముందు చక్రం, హ్యాండిల్ ఉంచి, మిగిలినవి తొలగించి వెనుక గుంటక పలుగు బిగించారు. ఎద్దులు లేని రైతు ఒక్కడే దానిని తోసుకుంటూ వెళ్లవచ్చు. ఖర్చు సైతం పాత సైకిల్ ధరకు కాస్త అటూఇటూ. పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లో ఇంత చవక యంత్రం తయారు కావాలన్న అవసరమే ఎవరికీ కలగదు.

పాప్‌కార్న్ డబ్బాతో గడ్డికోత

గట్ల మీద, తోటల్లో, రహదారుల వెంట ఇప్పుడు అంతటా వినిపించే గడ్డికోత మిషను పుట్టుక మరీ విచిత్రం. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో నృత్య పాఠశాలలు నడిపిన జార్జి బల్లాస్‌కు ఇంటి ఆవరణలో పెద్ద తోట ఉండేది. చెట్ల మొదళ్ల చుట్టూ మొలిచే గడ్డిని లోహపు బ్లేడుతో కోస్తే బెరడు తెగుతోంది. 1971లో ఒకనాడు కారు కడిగించుకుంటూ, గిరగిరా తిరిగే నైలాను కుచ్చుల బ్రష్షులను గమనించారు. వేగంగా తిరిగినంతసేపూ పోగులు నిటారుగా నిలిచి మురికిని తోలుతున్నాయి. కారుకు గీత పడటం లేదు. ఆగగానే మెత్తగా వాలిపోతున్నాయి.

ఇంటికి చేరి, చెత్తలో పడివున్న పాప్‌కార్న్ డబ్బాకు రంధ్రాలు చేసి, చేపల గాలానికి వాడే నైలాను తీగ ముక్కలను వాటిలో ముడివేసి, గట్టు అంచులు కోసే మోటారుకు బిగించారు. పెద్ద మోతతో గడ్డి తెగి పడింది. చెట్టుకు గాయం కాలేదు. పనిముట్ల కంపెనీలు ఆయన ఆలోచనను తిరస్కరించడంతో తానే తయారీకి పూనుకున్నారు. వీడ్ ఈటర్ పేరుతో వెలువడిన ఆ యంత్రం అమెరికా అంతటా పాకింది. 1977లో సంస్థను ఎమర్సన్ ఎలక్ట్రిక్‌కు విక్రయించారు. 2011 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

మన ప్రాంతంలో బ్రష్‌కట్టరుకు నైలాను తీగ బదులు ఉక్కు బ్లేడు బిగించి వాడేవారు అధికం. తుమ్మ, జిల్లేడు వంటి గట్టి కాడలకు అది అవసరమే. అయితే రాళ్లున్న నేలలో బ్లేడు తగిలి ఎగిరే రాతిముక్క కంటిని తీసుకెళ్లగలదు. కళ్లద్దాలు, మోకాళ్ల వరకు బూట్లు లేకుండా లుంగీ ఎగ్గట్టి యంత్రం నడిపే దృశ్యాలు గట్ల వెంట నిత్యం కనిపిస్తూనే ఉన్నాయి. పది పదిహేను మీటర్ల పరిధిలో మరొకరు నిలబడకూడదన్నది తయారీదారులు పదేపదే చెప్పే హెచ్చరిక.

ఉన్ని మిల్లు నుంచి పచ్చిక మైదానానికి

క్రీడలకు వస్తే, పచ్చికపై ఆడే ఆటలన్నీ ఒక మిల్లు మెకానిక్‌కు రుణపడి ఉన్నాయి. ఇంగ్లండులోని గ్లౌస్టర్‌షైర్, స్ట్రౌడ్ ప్రాంతం ఉన్ని బట్టలకు పేరు. నేసిన బట్టపై లేచే నూగును సమంగా కత్తిరించేందుకు మిల్లుల్లో బ్లేడ్లు చుట్టిన సిలిండరు యంత్రం వాడేవారు. ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అదే సూత్రాన్ని గడ్డికి అన్వయించారు. 1830 ఆగస్టు 31న పేటెంటు పొందారు. అంతకు ముందు మైదానాలను పొడవాటి కొడవళ్లతో మంచు తడి ఆరకముందే నిపుణులైన కోతగాళ్లు కోయవలసి వచ్చేది. ఇరుగుపొరుగు వింతగా చూస్తారని బడ్డింగ్ తన యంత్రాన్ని రాత్రివేళ పరీక్షించారని చెబుతారు. సర్దుబాటు చేసుకునే స్పానరు కూడా ఆయన చేతి చలవే.

గడ్డి కోత సులభం కావడంతో చదునైన పచ్చిక మధ్యతరగతి ఇళ్లకూ, క్లబ్బులకూ అందుబాటులోకి వచ్చింది. 1870లలో లాన్ టెన్నిస్ పుట్టడానికి నేల అలా సిద్ధమైంది. వింబుల్డన్ పోటీల పుట్టుక వెనుకా ఒక యంత్రమే ఉంది. క్లబ్బు పచ్చికను అణచే రోలరును పొట్టి గుర్రం లాగేది. అది పాడైంది. మరమ్మతుకు నిధులు కావలసి 1877లో టెన్నిస్ పోటీ నిర్వహించారు. 22 మంది పాల్గొనగా స్పెన్సర్ గోర్ విజేతగా నిలిచారు. ప్రపంచంలోనే ప్రతిష్ఠాత్మకమైన పోటీ రోలరు బాగుచేయించే చందాగా మొదలైందన్నమాట.

ఐసు నేలను సరిచేసిన జాంబోనీ

ఆడుకునే నేలను తిరిగి కొత్తదిగా మార్చే యంత్రాల్లో అత్యంత ప్రసిద్ధమైనది మంచు మైదానాలది. మన దేశంలో సిమ్లా వంటి ఒకటి రెండు చోట్ల తప్ప ఐసు స్కేటింగు మైదానాలు అరుదు కనుక తెలుగు పాఠకులకు ఇది కొత్తగా తోచవచ్చు. కాళ్లకు ఉక్కు పట్టీలున్న బూట్లతో వందలమంది తిరిగితే గంటా రెండు గంటల్లోనే మంచు గీతలు పడి, గుంతలు తేలి, పొడి పేరుకుంటుంది. దానిని సరిచేయకుంటే ఆట సాగదు.

ఫ్రాంక్ జాంబోనీ 1901 జనవరి 16న అమెరికాలోని యూటా రాష్ట్రం యురేకాలో ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో జన్మించారు. బాల్యం ఐడహోలోని పొలంలో గడిచింది. బడి చదువు తొమ్మిదో తరగతితోనే ఆగింది. 1920లో దక్షిణ కాలిఫోర్నియాకు చేరి అన్న మోటారు దుకాణంలో పనిచేశారు. పిమ్మట తమ్ముడు లారెన్సుతో కలిసి విద్యుత్ పనులు, పాడి కేంద్రాలకు శీతల యంత్రాల అమరిక, 1927లో ఐసు కర్మాగారం చేపట్టారు. ఇళ్లలోకి రిఫ్రిజిరేటర్లు రావడంతో ఐసు దిమ్మెలకు గిరాకీ పడిపోయింది. చేతిలో ఉన్నది ఐసు తయారుచేసే విద్య ఒక్కటే. ఆ విద్యతోనే 1940లో పారమౌంట్ పట్టణంలో ఐస్‌లాండ్ పేరిట స్కేటింగు మైదానం తెరిచారు.

నేల కింద శీతల గొట్టాలు పరచి దానిపై నీరు గడ్డకట్టిస్తే గొట్టాల వెంబడి అలల్లా ఎత్తుపల్లాలు తేలేవి. ముందు ఆ లోపాన్ని సరిదిద్దే పద్ధతి కనిపెట్టి పేటెంటు పొందారు. అసలు సమస్య ఇంకా మిగిలే ఉంది. ట్రాక్టరు వెనుక గీకే బ్లేడు కట్టి తిప్పాలి. నలుగురైదుగురు పారలతో పొడిని ఎత్తి పోయాలి. నీళ్లు చల్లి కడగాలి. మళ్లీ నీరు పోసి గడ్డకట్టే వరకు ఆగాలి. ఇదంతా అయ్యేసరికి గంటకు పైగా పట్టేది. టికెట్లు కొన్న జనం ఊరకే కూర్చోవలసిందే.

1942లో ట్రాక్టరు కొని ప్రయోగాలు ఆరంభించారు. తొలి నమూనాలు విఫలమయ్యాయి. ఒకదానిలో మంచు సమంగా తెగలేదు, మరొకదానిలో పొడి సరిగా ఎత్తలేదు. యుద్ధం ముగిసాక చవకగా దొరికిన సైనిక వాహనాల విడిభాగాలతో 1949 నాటికి పనిచేసే యంత్రాన్ని నిలబెట్టారు. దానికి మోడల్ ఏ అని పేరు. నాలుగు చక్రాలకూ శక్తి అందేది. స్టీరింగు సైతం నాలుగు చక్రాలకూ ఉండటంతో మైదానపు అంచు గోడకు ఒరిగి చిక్కుకుపోయేది. ముందు చక్రాలకే స్టీరింగు పరిమితం చేయడంతో ఆ ఇబ్బంది తొలగింది.

యంత్రం చేసే పనిని ఇలా చెప్పవచ్చు. వెడల్పాటి బ్లేడు పైపొరను సన్నగా చెక్కుతుంది. చెక్కిన పొడిని కన్వేయరు పైనున్న తొట్టిలోకి చేరుస్తుంది. నీటిధార గీతల్లోని మురికిని కడుగుతుంది. చివరగా వెనుక వేలాడే గుడ్డ గోరువెచ్చని నీటిని పలుచగా పూస్తుంది. వెచ్చని నీరు కింది మంచును రవ్వంత కరిగించి దానితో ఏకమై గడ్డకడుతుంది. చన్నీరు పోస్తే పొర అతకక పెచ్చులూడుతుంది. గంటకు పైగా పట్టే పని ఒక్కరితోనే పదీ పదిహేను నిమిషాల్లో ముగిసింది.

ఆయన సంస్థకు పారమౌంట్ ఇంజినీరింగ్ అని పేరు పెట్టాలనుకున్నారు. ఆ పేరు అప్పటికే మరొకరిది కావడంతో తన ఇంటిపేరునే వాడుకున్నారు. నార్వేకు చెందిన ప్రఖ్యాత స్కేటింగు తార సోన్యా హెనీ ఐస్‌లాండ్‌లో సాధన చేస్తూ యంత్రాన్ని చూసి ముచ్చటపడి, 1950లో తన పర్యటన ప్రదర్శనల కోసం ఒకటి తయారు చేయించుకున్నారు. నగర నగరానికీ ఆ ప్రదర్శనలే ప్రచారమయ్యాయి. 1953లో పేటెంటు మంజూరైంది. 1960లో స్క్వా వ్యాలీ శీతాకాల ఒలింపిక్సులో ఈ యంత్రాలే మంచును సరిచేశాయి.

జాంబోనీ అక్కడితో ఆగలేదు. కృత్రిమ పచ్చిక మైదానాలు వ్యాప్తిలోకి వచ్చాక, వాటిపై నిలిచిన వాననీటిని పీల్చే యంత్రాన్ని, పాత రంగు గీతలను చెరిపే యంత్రాన్ని, పచ్చికను చాపలా చుట్టి తీసి మళ్లీ పరిచే యంత్రాన్ని రూపొందించారు. 1983లో మంచు మైదానాల అంచున పేరుకునే గడ్డలను కోసే పరికరం ఆయన చివరి ఆవిష్కరణ. 1988లో క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. ఆ ఏడాదే జూలై 27న మరణించారు. 2007లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో ఆయన పేరు చేర్చారు.

ఇంకా చేతిపనే మిగిలిన చోట

అన్ని నేలలకూ ఇంతటి యంత్రాలు రాలేదు. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే ఎర్రమట్టి కోర్టుపై కనిపించేది ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుకపొడి మాత్రమే. దాని కింద తెల్ల సున్నపురాయి పొడి, బొగ్గు చిట్టెం, కంకర పొరలుగా ఉంటాయి. ఆట మధ్యలో దానిని సరిచేసేది నేటికీ మనుషులు లాగే వలచాపే. నగరాల్లోని హార్డ్‌కోర్టులకు సైతం తారు లేదా కాంక్రీటు నేలపై ఇసుక కలిపిన ఆక్రిలిక్ పొరలను రబ్బరు పలకలతో చేతితోనే లాగి పూస్తారు. పూతకు ముందు కోర్టంతా నీటితో తడిపి గంటసేపు వదిలేస్తారు. అప్పటికీ నీరు నిలిచిన చోట నాణెం పెట్టి, అది మునిగితే ఆ పల్లాన్ని పూడుస్తారు. ఈ పని చేసే నేర్పరి చేతివాటం తప్పితే కోర్టంతా చారలు పడుతుంది.

జిల్లాల్లోని అనేక కోర్టులు పాడవడానికి ఆట కన్నా కలుపే పెద్ద కారణం. పగులులో గరిక ఒక్క పిలక పాతుకున్నా ఏడాదిలో పూతను లేపేస్తుంది. పగుళ్లు కనిపించిన వెంటనే శుభ్రపరచి పూడ్చడం లక్షల రూపాయల మరమ్మతును తప్పిస్తుంది.

మందు ఒక్కటే మార్గం కాదు

కలుపు మందులు చవకగా దొరుకుతున్నప్పుడు యంత్రాలెందుకన్న వాదన ఉంది. ఒకే మందును ఏటా వాడితే దానికి లొంగని కలుపు జాతులు వృద్ధి చెందుతాయని పలు దేశాల అనుభవం తెలుపుతోంది. గ్లైఫోసేట్ వినియోగాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో లైసెన్సు పొందిన క్రిమి నియంత్రణ నిర్వాహకులకు మాత్రమే పరిమితం చేసింది. మరోపక్క అమెరికాలో కార్బన్ రోబోటిక్స్ అనే సంస్థ కెమెరాతో కలుపును గుర్తించి లేజరుతో మాడ్చే యంత్రాన్ని 2021లో విపణిలోకి తెచ్చింది. అది రెండెకరాల రైతుకు అందే వస్తువు కాదు.

గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంటు

తెలుగు పల్లెల్లో ఇటువంటి ప్రతిభకు కొరత లేదు. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడుతున్న కష్టం చూడలేక ఆసు యంత్రాన్ని తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రొఫెసర్ అనిల్ గుప్తా ఆరంభించిన హనీబీ నెట్‌వర్క్, 2000లో గుజరాత్‌లో ఏర్పాటైన జాతీయ ఆవిష్కరణల ఫౌండేషన్, తెలుగునాట పల్లెసృజన వంటి సంస్థలు గ్రామీణ ఆవిష్కర్తలను వెదికి పేటెంటు దరఖాస్తులో తోడ్పడుతున్నాయి.

చాలామంది పొరపడేది ఒక్క విషయంలో. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(హెచ్) ప్రకారం సేద్య పద్ధతికి పేటెంటు లభించదు. సేద్యపు యంత్రానికి మాత్రం లభిస్తుంది. వరుసల్లో నాటే విధానంపై హక్కు కోరలేరు, ఆ వరుసల్లో నడిచే కొత్త వీడరుపై కోరవచ్చు. దరఖాస్తుకు ముందే యంత్రాన్ని బహిరంగంగా అమ్మినా, పత్రికల్లో వివరాలు వెల్లడించినా కొత్తదనం పోయిందని తిరస్కరించే ప్రమాదం ఉంది. అందువల్ల తొలుత తాత్కాలిక వివరణతో దరఖాస్తు దాఖలు చేసి, 12 నెలల్లోగా పూర్తి వివరణ సమర్పించడం క్షేమకరం. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము రూ.1,600. పరిశీలన కోరుతూ చేసే అభ్యర్థనకు వేరుగా రూ.4,000 చెల్లించాలి. 2024 నిబంధనల సవరణతో ఆ అభ్యర్థన గడువును 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గించారు. గడువు దాటితే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్లుగా పరిగణిస్తారు. మంజూరైన పేటెంటు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయ పరిధిలోకి వస్తాయి.